యంత్రం చివరి మాట: ఒక విమర్శ

దీపం వెలిగించుట నేర్పేవారు దానిని ఆర్పుట కూడా నేర్పుతారు. బండి తోలుట నేర్చుకొనేవాడు దానిని ఆపుట కూడా నేర్చుకొంటాడు. కాని కంప్యూటరు విషయంలో మన బోధన చాలవరకు సగంతోనే నిలిచిపోతున్నది. యంత్రాన్ని ప్రారంభించినప్పుడు ఏ భాగం తరువాత ఏ భాగం మేల్కొంటుందో పాఠాలలో చిత్రాలతో సహా వివరిస్తాము. దానిని ఆపినప్పుడు లోపల ఏమి జరుగుతుందో చెప్పవలసి వచ్చేసరికి, “షట్‌డౌన్ అనే మాటపై నొక్కవలెను” అన్న ఒక్క వాక్యంతో సరిపుచ్చుతాము.

ఈ లోపం ఉపాధ్యాయులది మాత్రమే కాదు. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టంలను నిర్మించినవారిలో కూడా ఇదే ధోరణి కనిపిస్తున్నది. యూనిక్స్ కుటుంబానికి చెందిన వ్యవస్థలు, ముఖ్యంగా లినక్స్, తమ ప్రారంభాన్ని గురించి పొల్లుపోకుండా వ్రాసిపెట్టుకొంటాయి. ఆగిపోయేటప్పుడు కూడా అవి ఎన్నో సందేశాలను వెలువరిస్తాయి. కాని ఆ సందేశాలు క్షణకాలం తెరపై మెరిసి మాయమవుతాయి; లేదా ఒక అందమైన బొమ్మ వెనుక దాగిపోతాయి; లేదా ఎక్కడా వ్రాయబడకుండానే నశిస్తాయి.

ఈ ఏర్పాటులోని గుణదోషాలను విచారించుట ఈ వ్యాసం ఉద్దేశం. ఇందులో కొంత భాగం తప్పనిసరి అని నేను అంగీకరిస్తాను. మిగిలిన భాగం మాత్రం మనుష్యులు కోరి తెచ్చుకొన్న మౌనం. ఈ రెండింటిని వేరుచేసి చూడకపోవుట వలన కలిగే నష్టం చిన్నది కాదు.

ఒక ప్రయోగశాలలో జరిగినది

మా కళాశాల ప్రయోగశాలలో ఇరవై కంప్యూటర్లపై ఒక లినక్స్ పంపిణీ పనిచేస్తున్నది. విద్యార్థుల ఫైళ్ళన్నీ వేరొక గదిలోని సర్వరుపై ఉంటాయి, ఎన్.ఎఫ్.ఎస్. అనే పద్ధతి ద్వారా ప్రతి యంత్రం ఆ ఫైళ్ళను తనవే అన్నట్లు చూపుతుంది. ఒక సంవత్సరం వర్షాకాలం నుంచి ఒక చిక్కు మొదలైనది. సాయంత్రం యంత్రాలను ఆపబోతే కొన్ని ఆగేవి కావు. తెరపై పంపిణీ చిహ్నం, దాని క్రింద తిరిగే చుక్కలు; అంతే. ఐదు నిమిషాలైనా అదే దృశ్యం. బస్సు తప్పిపోతుందన్న తొందరలో విద్యార్థులు పవర్ బటన్‌ను నొక్కిపట్టి బలవంతంగా ఆపేవారు.

ఒకనాడు డిగ్రీ చివరి సంవత్సరం చదివే ఒక అమ్మాయి, తన ప్రాజెక్టు ఫైలు సగం ఖాళీగా ఉన్నదని ఏడుస్తూ వచ్చింది. బటన్ నొక్కి ఆపినందుకు ఆమెను నేను పదిమందిలో మందలించాను. యంత్రాలు పాతబడినవని, కొత్తవి కావలెనని పై అధికారులకు ఒక అర్జీ కూడా వ్రాశాను. రెండూ తప్పే అని తరువాత తెలిసినది.

అసలు సంగతి ఒక విద్యార్థి చేతి పొరపాటు వలన బయటపడినది. చిహ్నం కనిపిస్తుండగా అతడు ఎస్కేప్ మీటను నొక్కినాడు. బొమ్మ తొలగిపోయి నల్లని తెరపై ఒక వాక్యం కనిపించినది. ఫలానా ఫోల్డరును విడదీసే పని ఇంకా జరుగుతున్నదనీ, 1 నిమిషం 30 సెకండ్ల గడువులో ఇన్ని సెకండ్లు గడిచినవనీ దాని భావం. ఆ ఫోల్డరు సర్వరుపై ఉన్నదే. మరునాడు సందేశాలను దాచే అమరికను తీసివేసి చూస్తే ఇంకొక వాక్యం కూడా వచ్చినది: సర్వరు బదులు పలుకుట లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాము అని.

విచారించగా తేలినది ఇది. సర్వరు ఉన్న గదికి సాయంత్రం నాలుగున్నరకే తాళం వేయవలెనని కొత్తగా ఉత్తరువు వచ్చినది. అటెండరు ఆ ఉత్తరువు ప్రకారం ముందుగా సర్వరును ఆపి, గదికి తాళం వేసి వెళ్ళేవాడు. ప్రయోగశాలలోని యంత్రాలు ఆ తరువాత ఆగబోయి, లేని సర్వరు కొరకు ఎదురుచూస్తూ కూర్చొనేవి. ఫైళ్ళు పాడగుటకు కూడా ఇదే కారణం: ఆమె వ్రాసినది సర్వరుకు చేరనేలేదు. యంత్రాలలో ఏ లోపమూ లేదు. ఆపే వరుసలో లోపం. ముందు ప్రయోగశాల, ఆ తరువాత సర్వరు అని ఒక కాగితంపై వ్రాసి గోడకు అంటించినంతనే చిక్కు తీరిపోయినది. అర్జీని ఉపసంహరించుకొన్నాను. ఆ అమ్మాయికి, మందలించినంత బహిరంగంగానే, పొరపాటు నాదని చెప్పవలసి వచ్చినది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. యంత్రం ప్రతి సాయంత్రం తన బాధను స్పష్టంగా చెప్పుతూనే ఉన్నది. మాకు వినపడకుండా ఒక బొమ్మను అడ్డుపెట్టినారు.

ఆపుట అనగా ఏమి?

విమర్శకు ముందు విషయాన్ని కొంచెం తెలుసుకొందాము. 1969లో బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీలు యూనిక్స్ నిర్మాణం ప్రారంభించినారు. ఆనాటి నుంచి నేటివరకు ఈ కుటుంబంలో ఒక పద్ధతి మారలేదు. మనం ఒక ఫైలును భద్రపరచినప్పుడు అది వెంటనే డిస్కుపైకి పోదు. కొంతసేపు మెమరీలో నిలువ ఉండి, వీలైనప్పుడు డిస్కును చేరుతుంది. మెమరీ వేగం ఎక్కువ, డిస్కు వేగం తక్కువ కనుక ఈ ఏర్పాటు లాభకరమైనది. కాని విద్యుత్తు పోతే మెమరీలోనిది పోతుంది. అందుచేత తొలి యూనిక్స్‌లో ‘సింక్’ అనే ఆదేశం ఏర్పరచినారు. మెమరీలో నిలిచినదంతా డిస్కుకు పంపవలసినదని దాని అర్థం. యంత్రాన్ని ఆపేముందు ఈ ఆదేశాన్ని ఒకటికి మూడుసార్లు టైపు చేయుట ఆనాటి నిర్వాహకులకు అలవాటు. మూడుసార్లలో మంత్రశక్తి ఏదీ లేదు. టైపు చేసేలోగా డిస్కుకు తన పని ముగించుకొనే వ్యవధి దొరికేది.

నేడు ఈ పనులన్నీ షట్‌డౌన్ అనే ఒక్క ఆదేశంలో ఇమిడి ఉన్నవి. దానిలోని మెట్లు ఇవి. మొదట, యంత్రంపై పనిచేస్తున్న వారందరికీ హెచ్చరిక పోతుంది. పది నిమిషాలలో ఆపవలెనని ఆదేశిస్తే, ఆ సంగతి ప్రతివారి టెర్మినల్‌పై కనిపిస్తుంది. చివరి ఐదు నిమిషాలలో కొత్తవారిని లోనికి రానివ్వరు. తరువాత, నడుస్తున్న సేవలను ఒక్కొక్కదానిని ఆపుతారు. ప్రారంభమైన వరుసకు ఇది తారుమారు వరుస. చివర లేచినది ముందు పడుకొంటుంది. ఆపుటకు 15వ నంబరు సంకేతం పంపుతారు. “పని ముగించుకొని బయలుదేరవలసినది” అని దాని తాత్పర్యం. గడువులోగా వినని ప్రోగ్రాములకు 9వ నంబరు సంకేతం పోతుంది. దానికి ఎదురులేదు, ప్రోగ్రాం ఉన్నదున్నట్లు అంతమవుతుంది. ఆ తరువాత డిస్కులను విడదీస్తారు. చిట్టచివర కెర్నెల్, అనగా వ్యవస్థ యొక్క కేంద్రభాగం, విద్యుత్తును తెంచివేయవలసినదని యంత్రపరికరాలకు చెప్పుతుంది.

ఈ మెట్లలో పుట్టే సందేశాలు మూడు తరగతులు. మనుష్యులకు ఉద్దేశించిన హెచ్చరికలు మొదటివి. ఏ సేవ ఆగినది, ఏది ఆగలేదు అని చెప్పేవి రెండవవి. డిస్కుల విడదీతను, చివరి ఘడియలను గురించి కెర్నెల్, దాని సహాయక ప్రోగ్రాం చెప్పేవి మూడవవి. మొదటి తరగతి విషయంలో యూనిక్స్ సంప్రదాయం మెచ్చుకోదగినది; నలుగురూ వాడే యంత్రాన్ని నలుగురికీ చెప్పిన తరువాతనే ఆపవలెనన్న మర్యాద అందులో ఉన్నది. నా ఆక్షేపణ మిగిలిన రెండు తరగతులను గురించి.

తాళం వేసేవాని చిక్కు

ఒక ఇంటిలో చిట్టా వ్రాసే గుమాస్తా ఉన్నాడనుకొందాము. ఇంట్లో జరిగే ప్రతి పనిని అతడు పుస్తకంలో వ్రాస్తాడు. ఇల్లు మూసివేసే రోజున ఒక్కొక్కరు బయటకు పోతున్నారు. అందరి పేర్లూ వ్రాశాడు. చివరకు అతడు కూడా పుస్తకం మూసి, లోపల పెట్టి, బయటకు రావలసినదే. తరువాత తలుపులు మూసినారా, తాళం సరిగా పడినదా అన్న సంగతి ఆ పుస్తకంలో ఉండదు. బయట నుంచి తాళం వేసినవాడు, తాళం వేసితినని లోపలి పుస్తకంలో వ్రాయలేడు గదా!

కంప్యూటరు చిట్టాలకు సరిగా ఇదే చిక్కు. 1980ల దశకంలో ఎరిక్ ఆల్‌మన్ రూపొందించిన సిస్‌లాగ్ పద్ధతి చాలాకాలం యూనిక్స్ లోకంలో చిట్టా వ్రాసినది. ఒక యంత్రం సరిగా ఆగితే, ఆ చిట్టాలో చివర కనిపించే వాక్యం సాధారణంగా సిస్‌లాగ్ తనను గురించి తాను వ్రాసుకొన్నదే: 15వ సంకేతం అందినది, నిష్క్రమిస్తున్నాను అని. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్‌లు ప్రారంభించిన సిస్టమ్‌డి నేడు అనేక లినక్స్ పంపిణీలకు మూలాధారమైనది. ఫెడోరాలో 2011లో, డెబియన్‌లోను ఉబుంటులోను 2015లో అది ప్రధాన స్థానం పొందినది. దీనికి జర్నల్ అనే సొంత చిట్టా ఉన్నది. దానిలో కూడా చివరి వాక్యం, జర్నల్ ఆపబడినది అనే. గుమాస్తా మారినాడు గాని చిక్కు మారలేదు.

ఇది తప్పనిసరి లోపం. డిస్కును విడదీసే సమయంలో ఆ డిస్కుపైననే వ్రాయుట సాధ్యం కాదు. ఈ విషయంలో సిస్టమ్‌డి నిర్మాతలను నిందించుట న్యాయం కాదు. పైగా వారు ఒక మంచిపని చేసినారు. జర్నల్ ఆగిన తరువాత వచ్చే సందేశాలను కెర్నెల్ యొక్క వలయాకార స్మృతిలోనికి పంపుతారు. ఇది మెమరీలో ఒక చిన్న స్థలం. నిండగానే పాతవాటిపై కొత్తవి వ్రాయబడతాయి. విద్యుత్తు ఉన్నంతవరకు చివరి మాటలు అక్కడ ఉంటాయి. అనగా ఇంటి వరండాలోని పలకపై సుద్దతో వ్రాసినట్లు. వర్షం వచ్చేలోగా చూచినవానికి దక్కుతుంది.

కాని ఇంకొక లోపం తప్పనిసరి కాదు. జర్నల్ తన పుస్తకాన్ని డిస్కుపై ఉంచవచ్చును, లేదా మెమరీలోనే ఉంచవచ్చును. ‘వార్’ డైరెక్టరీలోని ‘లాగ్’లో ‘జర్నల్’ అనే డైరెక్టరీ ఉంటే డిస్కుపై వ్రాస్తుంది. లేకపోతే మెమరీలోనే వ్రాసి, యంత్రం ఆగగానే మొత్తం పోగొట్టుకొంటుంది. మూలరూపంలో చాలాకాలం ఉండిన నియమం ఇది. ఒక డైరెక్టరీ ఉండుట లేకపోవుట అనే కంటికి ఆనని తేడాపై చిట్టా మొత్తం యొక్క జీవితం ఆధారపడుట మంచి రూపకల్పన కాదని నా అభిప్రాయం. డెబియన్ పంపిణీ 2021లో వెలువడిన 11వ కూర్పుతోనే డిస్కుపై జర్నల్ ఉంచుటను సాధారణ నియమంగా చేసినది. అంతకుముందు పాత సిస్‌లాగ్ ప్రోగ్రాం ప్రక్కన ఉండి వ్రాస్తుండేది కనుక నష్టం అంతగా తెలియలేదు.

వేరొక సూక్ష్మం కూడా ఉన్నది. జర్నల్ తాను వ్రాసినదానిని డిస్కుకు ఖాయంగా చేర్చేది, మామూలు సందేశాల విషయంలో, ఐదు నిమిషాలకు ఒకసారి. అతి తీవ్రమైన సందేశాలను మాత్రమే వెంటనే చేరుస్తుంది. మా విద్యార్థుల వలె బటన్ నొక్కి ఆపినవారికి, ఎందుకు ఆపవలసి వచ్చినదో చెప్పే వాక్యమే దొరకకుండా పోయే ప్రమాదం అందువలన ఏర్పడుతున్నది. జబ్బు కారణంగా సాక్ష్యం కూడా నశించుట అంటే ఇదే.

బొమ్మ వెనుక దాగినది

ఇప్పుడు అసలు ఆక్షేపణకు వచ్చాము. చాలా పంపిణీలలో ప్రారంభ సమయంలోను ఆగే సమయంలోను తెరపై చిహ్నాన్ని చూపే ప్రోగ్రాం పేరు ప్లిమత్. 2008లో ఫెడోరా 10తో ఇది వాడుకలోకి వచ్చినది. దీనికి తోడుగా కెర్నెల్‌కు ‘క్వయట్’, అనగా నిశ్శబ్దం అనే మాటను అందిస్తారు. దానితో కెర్నెల్ తీవ్రమైన దోషాలను తప్ప మిగిలినవాటిని తెరపై చూపదు.

ఈ ఏర్పాటును సమర్థించేవారి వాదం తీసివేయదగినది కాదు. సామాన్యుడు తెరపై వందల వాక్యాలు పరుగెత్తుట చూచి భయపడతాడు. యంత్రం సాధారణంగా కొద్ది సెకండ్లలోనే ఆగిపోతుంది. ఆ కొద్ది సెకండ్లలో ఎవరూ చదవలేరు. అనేక సేవలు ఒకేసారి ఆగుతాయి కనుక వాక్యాల వరుసకు పెద్ద అర్థం కూడా ఉండదు. ఇవన్నీ నిజమే. ఆరోగ్యంగా ఉన్న యంత్రం మౌనంగా ఆగిపోతే ఎవరికీ నష్టం లేదు.

కాని ఆరోగ్యంగా లేనప్పుడు? సిస్టమ్‌డి నిర్మాతలు దీనిని ఆలోచించకపోలేదు. నిశ్శబ్దం కోరినప్పటికీ, ఏదైనా సేవ విఫలమైతే గాని, చెప్పుకోదగిన ఆలస్యం జరిగితే గాని, సందేశాలు చూపుట ప్రారంభించవలెనని ఒక నియమం పెట్టినారు. సాధారణంగా ఒక సేవ ఆగుటకు 90 సెకండ్ల గడువు ఇచ్చి, దేనికోసం ఎదురుచూస్తున్నదో, ఎన్ని సెకండ్లు గడిచినవో తెరపై చూపుతారు. ఫెడోరా 2023లో వెలువడిన 38వ కూర్పులో ఈ గడువును 45 సెకండ్లకు తగ్గించినది. ఇంతవరకు అంతా బాగున్నది. కాని మా యంత్రాలలో ఆ వాక్యంపై చిహ్నం కప్పబడి ఉన్నది! సిస్టమ్‌డి తన పని తాను సరిగా చేసినది. ప్లిమత్ తన పని తాను సరిగా చేసినది. రెండూ కలిసేచోట ఏమి జరుగుతుందో చూచుకొనే బాధ్యత మాత్రం ఎవరిదీ కాలేదు. పెద్ద వ్యవస్థలలో లోపాలు తరచుగా ఇట్టి అతుకుల వద్దనే పుడతాయి.

గడువును తగ్గించుట కూడా నాకు పూర్తిగా నచ్చలేదు. 90 సెకండ్లు విసుగు పుట్టిస్తవి, నిజమే. కాని గడువును సగం చేసినంత మాత్రాన జబ్బు సగం కాదు. ఎదురుచూపు తగ్గి, తొందరపాటు పెరుగుతుంది. ఏ సేవ ఎందుకు ఆగలేదో వాడుకరికి ఆ తరువాతనైనా ఒక మాట చెప్పినట్లయితే, అది నిజమైన మేలు. యంత్రాన్ని మళ్ళీ ప్రారంభించగానే, “నిన్న ఆగేటప్పుడు ఫలానా ఫోల్డరు వద్ద ఆలస్యం జరిగినది” అని ఒక్క వాక్యం తెరపై కనిపిస్తే మాకు ఒక వర్షాకాలం వృథా అయ్యేది కాదు.

చూచే మార్గాలు

విమర్శించుట సులభం, ప్రస్తుతం ఉన్న ఏర్పాటుతోనే ఏమి చేయవచ్చునో చెప్పుట విమర్శకుని బాధ్యత. క్రింది మార్గాలను ఉపాధ్యాయ మిత్రులు తమ ప్రయోగశాలలలో పరీక్షించి చూడవచ్చును. ఆదేశాలను ఇక్కడ ఉచ్చారణ ప్రకారం తెలుగులో ఇస్తున్నాను. టైపు చేయవలసినది ఆంగ్ల అక్షరాలతోనే.

మొదటిది అతి సులభం. ఆగే సమయంలో చిహ్నం కనిపించగానే ఎస్కేప్ మీటను నొక్కవలెను. ప్లిమత్ తొలగి సందేశాలు కనిపిస్తాయి.

రెండవది, శాశ్వతంగా బొమ్మను తీసివేయుట. గ్రబ్ అనే ప్రారంభక ప్రోగ్రాం యొక్క అమరికల ఫైలులో ‘క్వయట్’, ‘స్ప్లాష్’ అనే మాటలు ఉంటాయి. వాటిని తొలగించి గ్రబ్‌ను నవీకరించితే నాటి నుంచి అన్ని సందేశాలూ తెరపైకి వస్తాయి. బోధనకు ఉపయోగించే యంత్రాలన్నింటిలోను ఇట్లు చేయుట మంచిది.

మూడవ మార్గం చాలామందికి తెలియనిది. యంత్రాన్ని ఆపుటలో రెండు విధాలు ఉన్నవి: విద్యుత్తుతో సహా తెంచివేయుట ఒకటి, కేవలం పని నిలిపివేయుట ఇంకొకటి. ఈ రెండవదానిని ‘హాల్ట్’ అంటారు. ‘సిస్టమ్‌సీటీఎల్ హాల్ట్’ అని ఆదేశిస్తే వ్యవస్థ అన్ని మెట్లూ దిగి, విద్యుత్తును తెంచకుండా అక్కడే నిలిచిపోతుంది. బొమ్మను ముందే తీసివేసి ఉంటే, చివరి వాక్యాలు సాధారణంగా తెరపై అట్లే నిలిచి ఉంటాయి. విద్యార్థులు తాపీగా చదివి, నోటుపుస్తకంలో వ్రాసుకొన్న తరువాత బటన్‌తో ఆపవచ్చును. డిస్కులు అప్పటికే విడిపోయినవి కనుక ప్రమాదం లేదు. తరగతికి ఇంతకంటె మంచి ప్రదర్శన లేదు.

నాలుగవది, మరునాడు చిట్టా చదువుట. జర్నల్ డిస్కుపై ఉన్నట్లయితే, ‘జర్నల్‌సీటీఎల్’ అనే ఆదేశానికి ‘మైనస్ బి’, ‘మైనస్ 1’ అనే గుర్తులు చేర్చితే, క్రిందటిసారి యంత్రం నడిచిన కాలానికి చెందిన చిట్టా వస్తుంది; ‘మైనస్ ఇ’ కూడా చేర్చితే చివరి పుటకు పోతుంది. జర్నల్ ఆపబడినది అన్న వాక్యం అక్కడ ఉంటే, యంత్రం ఆ మెట్టువరకు క్రమంగా వచ్చినదని అర్థం. చిట్టా మధ్యలో తెగిపోయి ఉంటే, విద్యుత్తు పోయినదో, ఎవరైనా బటన్ నొక్కినారో, యంత్రం బిగుసుకొన్నదో అని విచారించవలెను. ఈ ఒక్క తేడా గుర్తించుట నేర్చుకొన్న విద్యార్థి సగం వైద్యుడైనట్లే.

ఐదవది, జర్నల్ ఆగిన తరువాతి మాటలను పట్టుకొనుట. దీనికి సిస్టమ్‌డి తన పత్రాలలోనే ఒక ఉపాయం సూచించినది. ‘సిస్టమ్ షట్‌డౌన్’ అనే పేరుగల ఒక డైరెక్టరీలో ఉంచిన చిన్న ప్రోగ్రాములను, విద్యుత్తు తెంచేముందు చిట్టచివర నడుపుతారు. అక్కడ మనం ఒక స్క్రిప్టు ఉంచి, అప్పటికి చదువుటకు మాత్రమే వీలుగా మిగిలిన మూల డిస్కును వ్రాయుటకు వీలుగా మార్చి, వలయాకార స్మృతిలోని విషయాన్ని ‘డీమెసేజ్’ ఆదేశంతో ఒక ఫైలులో వ్రాసి, డిస్కును మళ్ళీ చదువుటకు మాత్రమే వీలుగా చేయవలెను. అనగా తాళం వేయబోయేవాడు ఒక క్షణం తలుపు తెరచి, వరండా పలకపై ఉన్నదానిని పుస్తకంలోనికి ఎత్తి వ్రాసి, తిరిగి తలుపు మూసినట్లు. పని ముగిసిన తరువాత ఆ స్క్రిప్టును తీసివేయుట మంచిది. ఈ ఉపాయం పరీక్షించేవారు ముఖ్యమైన ఫైళ్ళు లేని యంత్రంపై చేయవలెను.

పెద్ద సంస్థలలో ఆరవ మార్గం ఉన్నది. సందేశాలను సీరియల్ తీగ ద్వారా గాని, నెట్‌వర్కు ద్వారా గాని వేరొక యంత్రానికి పంపి అక్కడ వ్రాయించుట. పొరుగింటి పుస్తకంలో మన ఇంటి తాళం సంగతి వ్రాసినట్లు. తాళం చిక్కుకు తర్కరీత్యా పూర్తి పరిష్కారం ఇదే. కాని నెట్‌వర్కు కూడా ఆపబడే సేవలలో ఒకటి కనుక, చిట్టచివరి మాటలకు తీగయే నమ్మదగినది.

పొరుగు వ్యవస్థల నుంచి నేర్వదగినది

ఇట్టి మౌనం యూనిక్స్ జాతికంతటికీ సహజమనుకొనుట పొరపాటు. అదే కుటుంబంలోని ఫ్రీబీఎస్‌డీని చూడవచ్చును. అది ఆగేటప్పుడు డిస్కులకు వ్రాయవలసినది ఎంత మిగిలినదో తెరపై బాహాటంగా చెప్పుతుంది; అంతా చేరినదని చెప్పి, ఎంతకాలం నడిచినదో కూడా చెప్పి ముగిస్తుంది. పైగా దాని కెర్నెల్ సందేశాల స్థలాన్ని, విద్యుత్తు తెంచకుండా యంత్రాన్ని తిరిగి ప్రారంభించినప్పుడు, మెమరీ చెరిగిపోకుండా ఉంటే, మళ్ళీ చదివి చిట్టాలోనికి ఎక్కిస్తారు. అనగా నిన్నటి చివరి మాటలు నేటి మొదటి పుటలో కనిపించే అవకాశం ఉన్నది. ఉపాయం చిన్నది, ఫలితం గొప్పది.

లినక్స్‌లో కూడా ఇట్టి సాధనం లేకపోలేదు. పీస్టోర్ అనే ఏర్పాటు, విద్యుత్తు పోయినా చెరగని చిన్న స్థలంలో కెర్నెల్ చివరి మాటలను దాచి, మరుసటి ప్రారంభంలో అందిస్తుంది. కాని మామూలుగా అది కెర్నెల్ కుప్పకూలినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. క్రమంగా ఆగినప్పుడు కూడా దాచవలెనంటే ప్రత్యేకంగా కోరవలెను. సాధనాలన్నీ చేతిలో ఉన్నవి. వాటిని ఒకచోట చేర్చి, సామాన్య వాడుకరికి అందే విధంగా అమర్చవలెనన్న పట్టుదల మాత్రమే కొరవడినది. ఇదే నా తీర్పు.

చివరి మాట

శాస్త్ర బోధనలో ఒక సూత్రం ఉన్నది: ఏ ఫలితం వచ్చినా వ్రాయవలెను, ముఖ్యంగా అనుకొన్నట్లు రానప్పుడు తప్పక వ్రాయవలెను. రసాయన ప్రయోగశాలలో విద్యార్థి పరీక్షనాళిక పగిలినదని నోటుపుస్తకంలో ఆ పుటను చింపివేస్తే మనం ఒప్పుకోము. కంప్యూటరు ఆ పుటను రోజూ సాయంత్రం చింపివేస్తుంటే మాత్రం, తెర అందంగా ఉన్నదని ఊరుకొంటున్నాము.

వ్యవస్థ నిర్మాతలు మారేవరకు మనం వేచి ఉండనవసరం లేదు. ఉపాధ్యాయులు ఒక పీరియడు ఈ విషయానికి కేటాయించవలెను. ఒక యంత్రంపై బొమ్మను తీసివేసి, హాల్ట్ ఆదేశంతో ఆపి, నిలిచిన తెరను విద్యార్థులచేత చదివించవలెను. ప్రతి వాక్యానికి అర్థం చెప్పమని అడుగవలెను. యంత్రం ఎందుకు ఆగలేదని ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు, “అది ఏమి చెప్పినది?” అని ముందుగా అడిగే అలవాటు అప్పుడు వారికి ఏర్పడుతుంది. ఆ ప్రశ్న నేను సకాలంలో అడిగి ఉంటే ఒక విద్యార్థిని పదిమందిలో తలవంచుకొనవలసిన అవసరం ఉండేది కాదు.